పాటల పేజీ ఉండగా వాట్సాప్ గ్రూపు ఎందుకు?

 

నిర్వాహకులు నాకు ఇచ్చిన అంశం 'సోషల్ మీడియా, మన యువత'. ఇది మూడు రోజులు మాట్లాడినా తెగే విషయం కాదు. అందుకని అందులోంచి ఒక్క చిన్న ముక్క తీసుకుంటాను. చిన్నదే గానీ ఈ ఏడాది మనవాళ్ల మధ్య చాలా మాటలు నడిచింది దాని మీదే.

మన పిల్లలు కొన్నేళ్లుగా సరదాగా ఒక పని చేస్తున్నారు. దండారి పాటలు, పెళ్లి పాటలు, అవ్వలు చెప్పే కథలు, కికిరి మీద పర్ధాన్లు పాడే గాథలు ఫోన్‌లో రికార్డు చేసి ఫేస్‌బుక్ పేజీలో, యూట్యూబ్‌లో పెడుతున్నారు. దీనికి జీతం లేదు, మార్కులు లేవు. కాలేజీ అయ్యాక ఒకరు, పత్తి ఏరి వచ్చాక ఒకరు చేస్తున్నారు. కొందరికి క్రికెట్ ఎట్లనో వీళ్లకు ఇది అట్ల. ఈ పని చేసేవాళ్లు మాట్లాడుకోవడానికి పక్కన ఒక వాట్సాప్ గ్రూపు కూడా పెట్టుకున్నారు. పేజీ పెద్దదయింది, చూసేవాళ్లు పెరిగారు. ఇప్పుడు ఆ గ్రూపు అవసరం తీరిపోయింది, మూసేద్దాం అని కొందరు అంటున్నారు. వద్దే వద్దని మరికొందరు.

నా మాట ముందే చెప్పేస్తాను. గ్రూపు ఉండాలి. ఇప్పుడున్నట్టు మాత్రం కాదు.

మూసేద్దాం అనేవాళ్లను తప్పుపట్టలేను. పొద్దున లేచి గ్రూపు తెరిస్తే ముప్పై గులాబీ పువ్వులు, ముప్పై గుడ్ మార్నింగులు. ఆ తర్వాత పుట్టినరోజులు. ఆ తర్వాత ఎవరో లోను యాప్ లింకు పంపుతారు. ఎన్నికలు వస్తే చెప్పనే అక్కర్లేదు. వాటి మధ్యలో ఎక్కడో ఒక అవ్వ పాడిన నాట్ల పాట ఉంటుంది. నాలుగు రోజుల తర్వాత వెతికితే దొరకదు. అప్పుడు మళ్లీ ఎవరో అడుగుతారు, 'ఆ పాట ఎవరి దగ్గరైనా ఉందా, కొంచెం పంపండి' అని.

అసలు చిక్కు ఇంకా లోతుగా ఉంది. వాట్సాప్ మాట్లాడుకోవడానికి చేసిన పనిముట్టు, దాచుకోవడానికి చేసింది కాదు. మామూలుగా పంపితే వీడియోను కుదించి పంపుతుంది, పెప్రె మోతలో సన్నటి వంపులన్నీ అక్కడే పోతాయి. డాక్యుమెంటు లాగా పంపితే తగ్గదు, 2 జీబీ వరకు వెళ్తుంది కూడా, కానీ ఆ సంగతి పట్టించుకునేవాళ్లు ఎంతమంది? కొత్తగా చేరినవాళ్లకు అంతకుముందు జరిగిన మాటలు మామూలుగా కనిపించవు. ఫోన్ నీళ్లలో పడి, బ్యాకప్ లేకపోతే అంతే సంగతులు. బ్యాకప్ ఉన్నా గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీలోనే అది సర్దుకోవాలి. అది నిండగానే మనం మొదట చెరిపేది ఏమిటి? పెద్ద వీడియోలు. అంటే పాటలే.

ఒక్క విషయం చూడండి. హైమెన్‌డార్ఫ్ 1940లలో మన మార్లవాయిలో, చుట్టుపక్కల గూడేల్లో తీసిన ఫొటోలు లండన్‌లోని సోయాస్ సంస్థ దగ్గర భద్రంగా ఉన్నాయి. కంప్యూటర్ ముందు కూర్చుంటే మన తాతల ముఖాలు చూడొచ్చు. పోయిన దీపావళికి మన గూడెంలోనే మనమే తీసిన గుస్సాడి వీడియో ఎక్కడుందో చెప్పమంటే మాత్రం తల గోక్కుంటాం. ఎనభై ఏళ్ల కిందటిది దొరుకుతుంది, నిరుటిది దొరకదు.

కాబట్టి దాచుకునే పని గ్రూపుది కాదు. ఇక్కడిదాకా మూసేద్దాం అనేవాళ్లతోనే నేను.

అయితే ఆ గ్రూపులో పేజీ చేయలేని పని ఒకటి నడుస్తోంది. అది నాకు ఒక పర్ధాన్ గాథ విషయంలో బాగా అర్థమైంది. ఒక తమ్ముడు కికిరి మీద ఒక ముసలాయన పాడింది గంటసేపు రికార్డు చేశాడు. చక్కగా వచ్చింది. పేజీలో పెట్టేముందు ఒక ముక్క గ్రూపులో వేసి, 'పెట్టొచ్చా' అని అడిగాడు. కాసేపటికి ఒక పెద్దమనిషి వాయిస్ మెసేజ్ పెట్టారు. నిమిషం కూడా లేదు. ఈ గాథ ఫలానా సగ వాళ్లది, వాళ్ల కటోడాను అడగాలి, చివర వచ్చే భాగం పెర్సపెన్ పూజ దగ్గర పాడేది, దాన్ని బజారులో పెట్టకండి, మిగతాది పెట్టుకోండి అన్నారు. తమ్ముడు ఆ ఊరికి పోయి అడిగాడు. వాళ్లు ఒప్పుకున్నారు. చివరి భాగం తీసేసి పెట్టాడు.

ఇదే మాట పేజీ కింద కామెంటుగా వచ్చి ఉంటే ఏమయ్యేది? అప్పటికి వీడియో బయటికి పోయి ఉండేది. ఎవరో దాన్ని కోసి సినిమా పాట తగిలించి రీల్ చేసి ఉండేవాళ్లు. ఆ పెద్దమనిషి పదిమంది ముందు ఒక పిల్లవాణ్ని తప్పుపట్టినట్టు అయ్యేది. అసలు ఆయన కామెంటే రాసేవారు కాదు. రాయడం ఆయనకు అలవాటు లేదు.

మనలో నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవుళ్ల సగలున్నాయి. ఎవరి గాథ వాళ్లది, దాన్ని పాడే పర్ధాన్ ఇల్లు వేరు. పాట అందరూ వింటారు, కానీ అది ఎవరిదో అందరికీ తెలుసు. ఇంటర్నెట్‌కు ఈ లెక్క తెలియదు. దానికి అన్నీ ఒకటే. ఒకసారి పెడితే ఇక వెనక్కి తీసుకోలేం. అందుకే పెట్టేముందు అడగడానికి తలుపున్న ఒక గది కావాలి. దండారి ఆట ఊరందరి ముందు ఆడతాం, కానీ ఏ ఊరికి పోవాలి, ఎవరెవరు పోవాలి అనేది ముందు పటేల్ ఇంట్లో కూర్చునే మాట్లాడుకుంటాం కదా.

ఇక రెండో సంగతి, గొంతు. 2011 జనగణనలో గోండి మా మాతృభాష అని చెప్పినవాళ్లు 29 లక్షల 80 వేలకు పైనే. అంతమందికీ కలిపి ఒక లిపి అలవాటులో లేదు. ఇక్కడ తెలుగు అక్షరాల్లో రాస్తాం. చంద్రపూర్, గడ్చిరోలి చుట్టాలు దేవనాగరిలో రాస్తారు. నార్నూర్ మండలం గుంజాలలో మన పాత రాతప్రతులు 2006లో వెలుగులోకి వచ్చాయి. ఆ గుంజాల గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది. అంతకు ఏడాది ముందే, 1918లో మంగళ్‌సింగ్ మసారాం తయారుచేసిన లిపికీ దొరికింది. గర్వపడాల్సిన విషయమే. కానీ ఆ అక్షరాల్లో ఒక మెసేజ్ పంపి చూడండి, పాత ఫోన్లలో వరసగా డబ్బాలు కనిపిస్తాయి.

తెలుగు అక్షరాల్లో రాసినా చిక్కే. ఏర్ అని రాస్తే మనకు నీళ్లు. తెలుగు బడిలో చదువుకున్న పిల్లవాడు దాన్ని ఏరు అని చదివి వాగు అనుకుంటాడు. నీళ్లు అడిగితే వాగు చూపించినట్టు. అదే నోటితో చెబితే ఉట్నూరులో ఉన్నవాళ్లకూ తెలుస్తుంది, సరిహద్దు అవతల ఉన్నవాళ్లకూ తెలుస్తుంది. మాట తీరు కాస్త మారినా అర్థమవుతుంది. గ్రూపులో మన అవ్వలు, తాతలు మాట్లాడేది వాయిస్ మెసేజ్‌తోనే. మైకు గుర్తు నొక్కి పట్టుకుంటే చాలు, చదువు అక్కర్లేదు. 'ఈ మాటకు అర్థం ఏమిటి' అని సాయంత్రం అడిగితే రాత్రి అన్నాలు తిన్నాక నాలుగు ఊళ్ల నుంచి నాలుగు జవాబులు వస్తాయి. నాలుగూ వేరువేరుగా ఉంటాయి. అదీ మంచిదే.

గుస్సాడిని ఊరూరికీ నేర్పిన మార్లవాయి కనక రాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది. 2024 అక్టోబరులో ఆయన వెళ్లిపోయారు. ఆయన ఆట వీడియోలు చాలానే దొరుకుతాయి. కానీ ఆ అడుగు అక్కడ ఎందుకు పడింది, ఈ తాళానికి ఎందుకు ఆగారు అని అడగడానికి మనిషి లేరు. వీడియో జవాబు చెప్పదు. మన గూడేల్లో జవాబు చెప్పగల పెద్దలు ఇంకా ఉన్నారు, వాళ్ల మనవళ్ల ఫోన్లలో వాట్సాప్ ఉంది. గ్రూపు మూసేస్తే తెగిపోయేది ఈ దారి.

ఇప్పుడు చేదు సంగతి. ఈ గ్రూపులోంచి ఆడపిల్లలు ఎందుకు వెళ్లిపోతున్నారో ఎవరైనా అడిగారా? 'ఫలానా నంబరు గ్రూపు నుంచి వెళ్లిపోయింది' అని అడ్మిన్లకు కనిపిస్తుంది. ఎవరూ మాట్లాడరు. కారణం నాకు ముగ్గురు చెల్లెళ్లు చెప్పారు, ముగ్గురిదీ ఒకటే. మామూలు వాట్సాప్ గ్రూపులో చేరితే మన ఫోన్ నంబరు అందరికీ కనబడుతుంది. ఒకప్పుడు గ్రూపు అంటే 256 మంది, ఇప్పుడు 1024 మంది దాకా. చేరే లింకును ఎవరో ఎక్కడో పెడతారు, ఎవరెవరో లోపలికి వస్తారు. రాత్రి పదకొండుకు తెలియని నంబరు నుంచి 'హాయ్'. పాట పాడిన పిల్ల నంబరు మార్చుకోవాల్సి వస్తుంది. పెళ్లి పాటలు, నాట్ల పాటలు ఎవరి దగ్గరున్నాయి? ఆడవాళ్ల దగ్గర. వాళ్లు వెళ్లిపోతే సగం పాటలు వాళ్లతోనే పోతాయి. ఇది గుడ్ మార్నింగుల కన్నా వంద రెట్లు పెద్ద సమస్య. మూసేద్దాం అనేవాళ్లు కూడా దీన్ని చెప్పడం లేదు.

కొందరు టెలిగ్రామ్‌కు మారదాం అంటున్నారు. అందులో నంబరు దాచుకోవచ్చు, కొత్తగా వచ్చినవాళ్లకు పాత మాటలు కూడా కనిపించేలా పెట్టుకోవచ్చు. మంచి సలహానే. కానీ అవ్వ ఫోన్‌లో టెలిగ్రామ్ ఉండదు. అవ్వ లేని గ్రూపుకు మనం ఎంత వసతిగా మారినా ఏం లాభం?

నేను అనుకునేది ఇది. పెద్ద గ్రూపును చిన్నది చేయాలి. పాటలు సేకరించేవాళ్లు, అర్థం చెప్పగల పెద్దలు, అంతే. పేజీ చూసి సంతోషపడేవాళ్లకు పేజీ చాలు, వాళ్లను తక్కువ చేయడం కాదు. చేరే లింకు తీసేయాలి, అడ్మిన్ ఒప్పుకుంటేనే చేరేలా సెట్టింగు ఉంది, అది పెట్టాలి. అడ్మిన్లలో కనీసం సగం మంది ఆడవాళ్లు ఉండాలి. ఇప్పుడు ఐదుగురూ మగవాళ్లే, ఆ ఐదుగురూ ఇక్కడే కూర్చున్నారు, నవ్వుతున్నారు గానీ నేను నవ్వులాటకు అనడం లేదు. ఆడవాళ్ల పాటల కోసం వాళ్లకే వేరే గ్రూపు కావాలంటే అది వాళ్ల ఇష్టం, అందులో మగ అడ్మిన్ ఉండకూడదు.

మెసేజ్‌లు 90 రోజులకు వాటంతట అవే పోయే సెట్టింగు పెడదాం, చెత్త పోతుంది అని ఒక తమ్ముడు అన్నాడు. నేను ఒప్పుకోను. చెత్తతోపాటు తాత గొంతు కూడా పోతుంది. దాని బదులు నెలకొకరు వంతు తీసుకోవాలి. ఆ నెల గ్రూపులోకి వచ్చిన పాటలను, మాటల అర్థాలను బయటికి తీసి, ఎవరు పాడారు, ఏ ఊరు, ఏ సందర్భం, ఎవరు అనుమతి ఇచ్చారు అని నాలుగు ముక్కలు రాసి హార్డ్ డిస్క్‌లో వేయాలి. రెండు కాపీలు, రెండు ఊళ్లలో. అసలు రికార్డింగు గ్రూపుకు పంపిన కాపీ కాదు, ఫోన్‌లో ఉన్న మొదటిది తీసుకోవాలి. 'పెట్టకండి' అన్నవి కూడా దాచాలి, కానీ వేరే ఫోల్డరులో, ఆ సగ పెద్దలు అడిగితే వాళ్లకు ఇచ్చేలా.

పని కాస్త విసుగే. పాట రికార్డు చేయడంలో ఉన్న సరదా దీంట్లో ఉండదు. అందుకే ఒక్కరి మీద వేయకుండా వంతులు అంటున్నాను.

దీపావళి దగ్గరికొస్తోంది. దండార్లు మొదలైతే రోజుకు పది వీడియోలు వస్తాయి, అప్పుడు ఎవరికీ తీరిక ఉండదు. కాబట్టి మొదటి నెల వంతు ఎవరిదో, మొదటి ఇద్దరు ఆడ అడ్మిన్లు ఎవరో ఈ రోజే తేల్చుకుందాం. హార్డ్ డిస్క్ ఒకటి నేను ఇస్తాను. రెండోది ఎవరిస్తారో చెప్పండి. వెనక కూర్చున్న చెల్లెళ్లు ఇంతసేపూ ఏదో చెప్పాలని చూస్తున్నారు. మైకు వాళ్లకు ఇవ్వండి.