వలందుల గవర్నరు స్పీల్మన్

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేయబడిన ఉపన్యాస పాఠము)



గుడివాడనుండి బందరు పోవువారిలో పెక్కుమంది వలందపాలెము అను పేరు వినియే యుందురు. అదే పట్టణమున ఇంగ్లీషుపాలెము కలదు, పరాసుపేటయు కలదు. పరాసులనగా ఫ్రెంచివారు. వలందులనగా హాలండు దేశస్థులు, నేటి చరిత్ర పుస్తకములలో డచ్చివారని వ్రాయబడువారు. పేటల పేర్లు నిలిచినవి, వలందుల శ్మశానవాటికలో చెక్కడపు పనిగల సమాధి రాళ్లు నిలిచినవి. ఆ వర్తకులపై అధికారము నెరపిన గవర్నర్లెవరో, వారు ఎచ్చటినుండి వచ్చి ఎచ్చటికి పోయిరో ఊరివారెరుగరు. అట్టి గవర్నర్లలో నొకడు కార్నేలిస్ స్పీల్మన్. అతడు ఈ తీరముపై అధికారము చేసినది రెండేండ్లు మాత్రమే. అయినను ఆ రెండేండ్లలో అతడు తెలిసికొన్నది అతని తక్కిన జీవితమంతటను పని చేసినది.

వలందుల ఓడ 1605లో ఈ తీరమునకు వచ్చెను. గోలకొండ సుల్తాను మహమ్మద్ కులీ కుతుబ్ షా అనుమతిపై వారు బందరునందును, నిజాంపట్నమునందును వర్తక స్థావరములు పెట్టుకొనిరి. తరువాత దక్షిణముగా పులికాటులో కోట కట్టి, అచ్చట తమ గవర్నరును నిలిపిరి. పులికాటును తెలుగువారు ప్రళయకావేరి యందురు. బందరు, పాలకొల్లు, ద్రాక్షారామము, భీమునిపట్నములయందలి స్థావరములన్నియు ఆ గవర్నరు చేతిక్రిందివే.

వారు ఇంత దూరము వచ్చుటకు కారణము ఇచ్చటి ధాన్యము కాదు, ఇచ్చటి బట్ట. వారికి కావలసినవి లవంగము, జాజికాయ, మిరియము. అవి తూర్పు దీవులలో పండును. ఆ దీవులవారు వెండి కంటె కోరమండలపు బట్టను ఎక్కువ ఇష్టపడిరి. చిరివేరుతో ఎఱ్ఱరంగు వేసిన అద్దకపు బట్టలు, కలముతో వ్రాసిన కలంకారీలు, గీతల లుంగీలు ఇచ్చట నేయించి, అచ్చట అమ్మి, ఆ సొమ్ముతో సుగంధద్రవ్యములు కొని ఐరోపాకు పంపుట వారి వర్తక పద్ధతి. హెండ్రిక్ బ్రౌవర్ అను వలందు అధికారి 1612లోనే ఈ తీరమును సుగంధద్వీపములకు ఎడమచేయిగా వర్ణించెను. ఆ చేయి లేనిదే ఆ వర్తకము సాగదని అతని భావము. దీవుల వారి యిష్టము ననుసరించి పొడవు, వెడల్పు, రంగు నిర్ణయించి మచ్చులు బటేవియానుండి వచ్చెడివి. దళారులైన వర్తకులు సాలెవాండ్రకు బయానా యిచ్చి ఆ మచ్చు ప్రకారము నేయించెడివారు. మచ్చుకు తప్పిన తానును తిరుగగొట్టుటయు కలదు. ఆ నష్టము చివరకు మగ్గమువద్ద కూర్చున్నవానిపైననే పడెడిది.

స్పీల్మన్ 1628లో హాలండులోని రాటర్డామ్ రేవు పట్టణమున ఒక వర్తకుని యింట పుట్టెను. పదునారేండ్ల వయసున, 1645లో, వలందుల ఈస్టిండియా కంపెనీలో చిన్న గుమాస్తాగా కుదిరి, నేడు జకార్తా అనబడు బటేవియాకు చేరెను. అచ్చట లెక్కలు వ్రాయుచు, 1649 నాటికి చిన్న తరగతి వర్తకుడనిపించుకొనెను. వ్రాతలో నేర్పుగలవాడగుటచే 1651లో కంపెనీ రాయబారియైన యోవన్ కునేయస్ వెంట పారశీక దేశమునకు కార్యదర్శిగా పంపబడెను. రెండవ షా అబ్బాసు కొలువును చూచి, ఆ ప్రయాణమంతయు దినచర్యగా వ్రాసెను. ఆ గ్రంథము 1908లో అచ్చయినది. తిరిగి వచ్చినపిమ్మట పదునైదేండ్ల పిల్లయగు పెట్రోనెల్లాను వివాహమాడెను. మెట్టుమెట్టుగా ఎక్కి 1663 జూను మాసమున కోరమండల తీరమునకు గవర్నరుగా నియమింపబడెను. అప్పటి కతని వయస్సు ముప్పదియైదు.

అది గోలకొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్ షా కాలము. గోలకొండ పేరు చెప్పగానే ఐరోపావారికి వజ్రములు గుర్తుకు వచ్చెడివి. కృష్ణయొడ్డున కొల్లూరులో గనులు త్రవ్వుచుండిరి. నేడా కొల్లూరు పులిచింతల జలాశయమున మునిగియున్నది. నందిగామ దాపునగల పరిటాలయు వజ్రములకు పేరు పొందిన గ్రామమే. వజ్రమునకు గల గుణమొకటి కంపెనీలకు తలనొప్పి యయ్యెను. బట్టల మూటను దాచుట కష్టము, రాతిని దాచుట సులభము. కంపెనీ ఉద్యోగులకు జీతములు తక్కువ, సొంత వర్తకము నిషిద్ధము. కావున సొంత వర్తకమును వజ్రములతో చేసికొనుట వారికి అలవాటయ్యెను.

స్పీల్మన్ ఆ మార్గముననే పోయెను. అతడు సొంత వర్తకము చేసెనని 1665లో ఆరోపణ వచ్చెను. హాలండులో కంపెనీని నడిపెడి పదునేడుగురు డైరెక్టర్లు అతనిని పదునైదు నెలలు పదవినుండి తొలగించిరి. బటేవియా న్యాయస్థానము మూడువేల గిల్డర్ల జరిమానా విధించెను. అతడు గట్టిగా వాదించెను. తన భార్య కొఱకు ఒక వజ్రము కొంటిననియు, అది ఆమెకు నచ్చకపోవుటచే తిరిగి అమ్మితిననియు అతని సమాధానము. ఈ మాట న్యాయాధిపతులు నమ్మలేదు. భార్యకు నచ్చని నగ భర్తకు లాభము తెచ్చుట లోకమున అరుదుగా జరుగును గదా!

ఇంతటితో అతని ఉద్యోగ జీవితము ముగిసియుండవలసినది, ముగియలేదు. తొలగింపు గడువు తీరినదో లేదో, 1666 నవంబరులో అతడు ఇరువదియొక్క ఓడలకు అధిపతియై బటేవియానుండి బయలుదేరెను. ఆ దండయాత్ర మకాస్సరు పైకి.

మకాస్సరు నేటి ఇండోనీషియాలో సులవేసి దీవి దక్షిణ కొననున్న నగరము. నాడది గోవా యను రాజ్యమునకు రేవు. ఈ గోవా వేరు, పోర్చుగీసువారి గోవా వేరు. ఆ రాజులు తమ రేవునకు ఎవరు వచ్చినను రానిచ్చిరి. ఆంగ్లేయులు, పోర్చుగీసులు, డేనులు, మలయా వర్తకులు అచ్చట కొట్లు పెట్టుకొనిరి. ఒకప్పుడు బందరునకు హవల్దారుగా నుండి, పిదప గోలకొండకు మంత్రియైన మీర్ జుమ్లా ఓడలును అచ్చటికి పోవుచుండెడివి. బందరు బట్ట అటుపోయి లవంగములు ఇటు వచ్చెడివి. వలందుల చేతిలో పడకుండ లవంగము బయటికి వచ్చుటకు మిగిలియున్న పెద్ద ద్వారమదియే.

ఆ రాజ్యమును గూర్చి గ్రంథాలయ సభలో చెప్పదగిన మాట యొకటి కలదు. పదునేడవ శతాబ్ది నడుమ అచ్చట పత్తింగల్లోవాంగ్ అను మంత్రి యుండెను. అతడు పోర్చుగీసు భాషను చక్కగా మాట్లాడెడివాడు. గణితమునందు ఆసక్తుడై ఐరోపా గ్రంథములను సేకరించి యింట గ్రంథాలయమేర్పరచుకొనెను. 1644లో వలందులనే ఒక పెద్ద భూగోళము కావలెనని కోరెను. అది ఆమ్‌స్టర్‌డామ్‌లో తయారై, సముద్రములు దాటి వచ్చుటకు కొన్ని యేండ్లు పట్టినది. అతడు 1654లో మరణించెను. పండ్రెండేండ్లకు స్పీల్మన్ ఓడలు వచ్చినవి.

యుద్ధము మూడేండ్లు సాగెను. స్పీల్మన్ తన సేనతోనే గెలువలేదు. గోవా రాజులచే ఓడింపబడి ప్రవాసముననున్న బూగి జాతి నాయకుడు ఆరుంగ్ పలక్కాను వెంట తెచ్చి, ఆ దీవివారినే ఆ దీవివారిపై నిలిపెను. మొదటి యుద్ధమున బుటన్ దీవియొద్ద పట్టువడిన ఐదువేలకు పైబడిన బందీలను సమీపమునగల ఒక చిన్న దీవిపై విడిచిపెట్టిరి. 1667 నవంబరు 18వ తేదీన సుల్తాను హసనుద్దీను బొంగయ సంధిపత్రముపై వ్రాలు చేయవలసి వచ్చెను. పోరు మరల చెలరేగి 1669లో సొంబావోపు కోట కూలుటతో ముగిసెను. ఉజుంగ్ పాండాంగ్ అను మరియొక కోటను స్పీల్మన్ బాగుచేయించి, తాను పుట్టిన ఊరి పేర రాటర్డామ్ కోట యని పిలిచెను. అది నేటికిని నిలిచియున్నది.

ఆ సంధిపత్రమునందు బందరు వారు చదువదగిన షరతులు కలవు. ఇతర ఐరోపా వర్తకులు మకాస్సరు విడిచి పోవలెను. కంపెనీ చీటి లేనిదే మకాస్సరు ఓడ సముద్రము మీదికి పోరాదు. హిందూదేశపు బట్టను, చీనా సరుకులను కంపెనీ తప్ప వేరెవ్వరును అచ్చట దిగుమతి చేయరాదు. పులికాటులో రెండేండ్లు కూర్చుండి ఏ బట్ట ఏ దీవికి పోవునో, ఎవరెవరు కొందురో చూచినవాడు వ్రాయించిన షరతది. మకాస్సరు పోటీ వర్తకులు పోయినచో బందరులో కొనువారును తగ్గుదురు. సంతలో కొనువాడొక్కడే మిగిలినప్పుడు ధర ఎట్లుండునో ధాన్యము తోలుకొనిపోయిన రైతునకు వేరుగా చెప్పనక్కరలేదు. సాలెవానికిని అదే లెక్క.

వజ్రము విషయమున జరిమానా వేసిన కంపెనీ, మకాస్సరు విషయమున బిరుదులిచ్చెను. స్పీల్మన్ 1671లో బటేవియా పాలకమండలిలో పూర్తి సభ్యుడయ్యెను. ఆ మండలి రాజకీయములు సామాన్యమైనవి కావు. వర్తకమే చాలునను పక్షము, రాజ్యములు లోబరచుకొనవలెనను పక్షము అని రెండు భావములవా రందుండిరి. స్పీల్మన్ రెండవ పక్షమునకు చేరినవాడు.

1676 చివర అతడు జావాకు పంపబడెను. అచ్చట మతరాము రాజ్యమున ట్రునజయుడనువాడు తిరుగుబాటు చేసెను. స్పీల్మన్ రాజుపక్షము పట్టెను. సాయమునకు ప్రతిఫలముగా 1677, 1678లలో మతరాము రాజులనుండి హక్కులు వ్రాయించుకొనెను. వానిలో మరల అదే షరతు కనుపించును: జావాలోనికి బట్టయు నల్లమందును తెచ్చు హక్కు కంపెనీకి మాత్రమే.

1678లో అతడు పాలకమండలిలో రెండవవాడును, 1681 నవంబరులో రైక్లోఫ్ వాన్ గూన్స్ తరువాత గవర్నర్ జనరలును అయ్యెను. గుమాస్తాగా వచ్చిన ముప్పదియారేండ్లకు ఆసియాలోని వలందుల అధికారమంతయు అతని చేతికి వచ్చెను. అతని కాలమున జావాలోని బాంటెన్ రాజ్యములో తండ్రికొడుకుల కలహమున కంపెనీ కొడుకు పక్షము పట్టి 1682లో ఆ రేవును చేజిక్కించుకొనెను. ఆంగ్లేయులు అచ్చటినుండి వెళ్లగొట్టబడిరి. వలందుల ప్రాభవము అప్పుడు చాల యెత్తుననుండెను.

1684 జనవరి 11వ తేదీన స్పీల్మన్ బటేవియా కోటలో మరణించెను. ఖర్చునకు వెనుదీయక, రెండువందల ఇరువదితొమ్మిది ఫిరంగులు మ్రోగించి అతనిని సమాధి చేసిరి. ఆ ఫిరంగుల పొగ చెదరిన తరువాత లెక్కలు చూడబడినవి. జరుగని పనులకు సొమ్ము చెల్లింపబడినట్లును, పాలకమండలిని అడుగకయే పెక్కు కార్యములు నడిచినట్లును తేలినది. నాలుగేండ్లలో బట్టల అమ్మకము తొంబదిపాళ్లు పడిపోయెనని ఆరోపించిరి. మూడు రాజ్యములతో యుద్ధము చేసి సంపాదించిన బట్టల హక్కు అంతటి గవర్నర్ జనరలు చేతిలోనే చెడిపోవుట విచిత్రము. ఇందుకు అతని అవినీతి యొక్కటియే కారణమనుట సరికాదు. యుద్ధములతో బీదలైన జావావారు, ఒక్కడే అమ్మెడి ఖరీదైన బట్టను మాని తమ నూలు తాము నేసికొన నారంభించిరి. కొనువానిని కట్టివేయవచ్చును గాని వాని చేత కొనిపించుట కష్టము. 1685లో స్పీల్మన్ ఆస్తిని కంపెనీ జప్తు చేసెను.

అతడు పోయిన రెండేండ్లకు అతని పద్ధతి బందరునకే వచ్చెను. గోలకొండ ప్రభుత్వమునుండి రావలసిన బాకీలను గూర్చి తగవు పెరిగి, 1686లో వలందులు బందరును సైన్యముతో ఆక్రమించిరి. మరుసటి యేడు ఔరంగజేబు గోలకొండను గెలుచుటతో ఆ తగవు తీర్చవలసిన ప్రభుత్వమే లేకపోయెను. కఱవు, యుద్ధము, దొరతనము మారుట అన్నియు కలిసి బందరు వర్తకమును క్రుంగదీసెను. 1690లో వలందులు తమ గవర్నరు కొలువును పులికాటునుండి నాగపట్టణమునకు మార్చుకొనిరి. పాలకొల్లు, జగన్నాథపురము, భీమునిపట్నములలో మరికొంతకాలము వారి జెండాలుండెను. 1824 నాటి ఒడంబడికననుసరించి హిందూదేశమున వారికి మిగిలిన స్థలములు 1825లో ఆంగ్లేయుల వశమైనవి.