భూమి ఆగింది, ఊపు ఆగలేదు

జుమా ప్రసంగం, రామకృష్ణాపూర్, 13 డిసెంబరు 2024

సకల స్తోత్రాలు సృష్టికర్త, పోషకుడు అయిన అల్లాహ్‌కే చెందుతాయి. ఆయన చివరి ప్రవక్త హజ్రత్ ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం)పై, వారి కుటుంబంపై, సహచరులపై శాంతి, శుభాలు వర్షించుగాక!



నేటికి తొమ్మిది రోజులు గడిచాయి. ఈ నెల 4వ తేదీ, బుధవారం, ఉదయం 7 గంటల 27 నిమిషాలు. ఫజ్ర్ నమాజు ముగించుకొని మనలో కొందరం ఇళ్ళకు చేరి ఉన్నాము. మొదటి షిఫ్టువారు పనిలోకి వెళ్ళారు. పిల్లలు బడికి సిద్ధమవుతున్నారు. అటువంటి వేళ భూమి కదిలింది. గిన్నెలు మోగాయి, కప్పుకు వేలాడే ఫ్యాన్లు ఊగాయి. ఓపెన్‌కాస్టు బ్లాస్టింగులకు అలవాటుపడిన ప్రాంతం మనది కనుక చాలామందిమి మొదట అదేననుకొన్నాము. బ్లాస్టింగు ఒక్క అదురుతో ముగుస్తుంది; ఇది ముగియకుండా సాగుతున్నదని గ్రహించిన తరువాతనే వాకిళ్ళలోకి పరుగెత్తాము.

ములుగు జిల్లా అటవీ ప్రాంతంలో, భూగర్భంలో సుమారు 40 కిలోమీటర్ల లోతున పుట్టిన ఆ భూకంపం తీవ్రత 5.3. మనకు దాదాపు నూరు కిలోమీటర్ల దూరం. హైదరాబాదు వరకు ప్రకంపనలు తెలిశాయి. అయినా ప్రాణనష్టం కలగలేదు. అల్‌హందులిల్లాహ్! 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున లాతూరు జిల్లా కిల్లారిలో వచ్చిన భూకంపం మనలోని పెద్దలకు గుర్తుండే ఉంటుంది. నిద్రలో ఉన్నవారిపై రాతి గోడలు కూలి వేలాది మంది కన్నుమూశారు. దానితో పోల్చి చూసుకొంటే మనపై జరిగిన మేలు ఎంతటిదో అర్థమవుతుంది.

అయితే నేడు మేము మాట్లాడదలచింది ఆ కొన్ని క్షణాల గురించి కాదు. ఆ తరువాతి తొమ్మిది రోజుల గురించి.

భూకంపం వచ్చిన మరునాడు ఒక బాలుడు మా వద్దకు వచ్చాడు. "దాదీ రాత్రంతా నిద్రపోలేదు. మంచం ఊగుతున్నదని అంటున్నది. మాకెవరికీ ఊగడం లేదు" అన్నాడు. మేము తొందరలో ఉండి, ఆయతుల్ కుర్సీ చదువుకొమ్మని చెప్పి పంపివేశాము. ఆ సలహా తప్పు కాదు. కానీ ఆ తల్లికి ఏమి జరుగుతున్నదో మేము అడగలేదు, ఆలోచించలేదు. మూడవ రోజు ఇషా నమాజులో, సజ్దాలో నుదురు ఆనించినప్పుడు, మా క్రింద నేల మెల్లగా ఓడలా కదిలింది. తల ఎత్తి చూశాము. దీపం కదలడం లేదు. పక్కవారు నిశ్చింతగా తస్బీహ్ చదువుతున్నారు. ఊగింది భూమి కాదు, మేమే. అప్పుడు గాని ఆ తల్లి మాట మాకు అర్థం కాలేదు. మరునాడు వారి గుమ్మం ముందు నిలబడి క్షమాపణ చెప్పుకొని వచ్చాము.

ఆ తరువాత అడుగుతూ పోతే ఇటువంటివారు ఎందరో తేలారు. రుకూలో తూలుతున్నాను, నా నమాజు చెల్లుతుందా అని ఒక యువకుడు అడిగాడు. కోడలికి చక్కర్ వస్తుంటే ఇంట్లోవారు "నాటకం" అంటున్నారని ఒక తండ్రి బాధపడ్డాడు. ఏదో గాలి సోకిందని, తావీజు కావాలని మరొకరు వచ్చారు. విశ్వాసం బలహీనమైనందువల్లనే ఇలా జరుగుతున్నదా అని కన్నీళ్ళతో కబురు పంపిన సోదరి ఒకరు. వీరందరికీ ఇళ్ళలో దొరికిన సమాధానం ఒక్కటే: "భూమి ఎప్పుడో ఆగిపోయింది, నీకేమైంది?"

సోదరులారా! హిరా గుహను ఒకసారి తలచుకోండి. మొదటి వహీ అవతరించిన తరువాత దైవప్రవక్త (స) ఇంటికి తిరిగి వచ్చారు. గుహలో జరిగినది అక్కడే ముగిసింది. కానీ ఆయన శరీరంలోని వణుకు ముగియలేదు. తనను కప్పమని ఇంటివారిని కోరారు. సృష్టిలో ఆయనకు మించిన విశ్వాసి ఎవరు? అయినా ఆ పవిత్ర దేహం వణికింది. కనుక వణుకును చూసి ఈమాన్‌ను తూకం వేసే అధికారం మనకు లేదు.

ఇక తల్లి ఖదీజా (రజియల్లాహు అన్హా) ఏమి చేశారో చూడండి. ఆమె ఎగతాళి చేయలేదు, "ఇప్పుడేమీ లేదు కదా" అని కొట్టిపారవేయలేదు. మొదట దుప్పటి కప్పారు. భయం తగ్గేవరకు ఆగారు. ఆయన చెప్పినదంతా విన్నారు. బంధువులను ఆదుకొనే, బలహీనుల భారం మోసే, అతిథులను గౌరవించే మిమ్మల్ని అల్లాహ్ అవమానం పాలు చేయడని ధైర్యం చెప్పారు. అటుపై, విషయం తెలిసిన వరఖా బిన్ నౌఫల్ వద్దకు వెంటబెట్టుకొని వెళ్ళారు. కప్పడం, వినడం, ధైర్యం చెప్పడం, తెలిసినవారి వద్దకు తీసుకొని వెళ్ళడం: ఈ నాలుగు పనులే నేడు మన ఇళ్ళకు కావలసినవి.

తెలిసినవారు ఈ ఊపు గురించి ఏమి చెబుతున్నారో విందాము. మన నిలకడను మూడు సాక్ష్యాలు కాపాడుతుంటాయి. ఒకటి, లోపలి చెవి. అక్కడ ద్రవంతో నిండిన మూడు అర్ధవృత్తాకారపు నాళాలు, సన్నని రేణువులు ఉంటాయి. తల ఎటు కదిలినా అవి మెదడుకు తెలుపుతాయి. రెండవది, కన్ను. మూడవది, అరికాళ్ళు, కండరాలు, కీళ్ళు అందించే స్పర్శ. ఈ మూడింటిని సరిచూసి మెదడు తీర్పు చెబుతుంది. పుట్టిననాటి నుండి నేల స్థిరమన్న నమ్మకంతోనే ఆ తీర్పులు నడిచాయి. ఒక ఉదయం ఆ నమ్మకం చెదిరింది. నిలబడిన మనిషి శరీరం ఎప్పుడూ కొద్దికొద్దిగా కదులుతూనే ఉంటుంది. మామూలు రోజుల్లో దానిని మనం పట్టించుకోము. భయంతో మేలుకొని కాపలా కాస్తున్న మెదడు ఇప్పుడు ఆ చిన్న కదలికను కూడా భూకంపంగా లెక్కిస్తున్నది. నిద్రలేమి, దిగులు దానిని మరింత పెంచుతాయి.

ముంబయి నుండి ఓడలో హజ్‌కు వెళ్ళిన పాత తరం హాజీలు ఈ మాట ఎరుగుదురు. జిద్దాలో దిగి గట్టి నేలపై పడుకొన్నా, కళ్ళు మూసుకొంటే అలల ఊపు తెలిసేదని వారు చెప్పేవారు. తరచుగా భూకంపాలు వచ్చే జపానులో ఈ స్థితికి ఒక పేరే ఉంది: జిషిన్‌యోయి. జిషిన్ అంటే భూకంపం. యోయి అంటే తూలుడు. ఓడ ప్రయాణంలో కలిగే తల తిప్పుటకు కూడా వారు ఆ రెండవ మాటనే వాడుతారు. 2011 మార్చి 11న 9.0 తీవ్రతతో వచ్చిన మహాభూకంపం తరువాత, 2016 ఏప్రిల్‌లో కుమమోటో భూకంపాల తరువాత అక్కడ ఎందరికో ఈ బాధ కలిగింది, వైద్యులు దానిని పరిశీలించారు. కనుక ఇది నాటకం కాదు, గాలి సోకడం కాదు, ఈమాన్ లోపం అంతకంటే కాదు. శరీరానికి కలిగిన ఒక కష్టం. అధిక భాగం దానంతట అదే సద్దుమణుగుతుంది.

మరి మనం ఏమి చేయాలి?

మొదటి మాట, పడక దగ్గర ఒక గ్లాసులో సగం వరకు నీరు పోసి పెట్టుకోండి. ఊగినట్లు అనిపించినప్పుడు ఆ నీటిని చూడండి. నీరు నిశ్చలంగా ఉంటే భూమి కూడా నిశ్చలంగానే ఉన్నదని మనసుకు చెప్పండి. ఒకసారి అల్‌హందులిల్లాహ్ అనండి. దివ్య ఖుర్ఆన్‌లో, సూరా నహ్ల్‌లో, భూమి మనలను తీసుకొని ఊగిపోకుండా పర్వతాలను స్థాపించిన సంగతిని అల్లాహ్ తన అనుగ్రహాల వరుసలో పేర్కొన్నాడు. ఇన్నేళ్ళు నేల నిలకడగా ఉండడాన్ని మనం ఒక వరంగా ఎప్పుడైనా లెక్కించామా? ఆ గ్లాసు నీరు భయాన్ని తగ్గించడమే గాక, మరచిన కృతజ్ఞతను కూడా గుర్తుచేస్తుంది. ఒకవేళ నీరు నిజంగా కదిలితే, బరువైన అల్మారాలకు దూరంగా, గట్టి బల్ల క్రిందికి చేరండి. ఊపు ఆగాక ఆరుబయటికి రండి. ప్రాణాపాయం ఎదురైతే నమాజును మధ్యలో విడిచిపెట్టడానికి కూడా షరీఅత్ అనుమతిస్తుంది.

రెండవ మాట, నమాజు గురించి. ఊగినట్లు అనిపించినంత మాత్రాన నమాజు భంగం కాదు. పడిపోతామన్న భయం ఉన్నవారు కూర్చుని చదవండి. హజ్రత్ ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి)కు అనారోగ్యం ఉన్నప్పుడు, నిలబడలేకపోతే కూర్చుని, అదీ సాధ్యం కాకపోతే పక్కకు పడుకొని చదవమని దైవప్రవక్త (స) బోధించారు. ఆ సౌలభ్యం అల్లాహ్ ఇచ్చిన కానుక. దానిని స్వీకరించడానికి సిగ్గుపడకండి.

మూడవ మాట, చికిత్స. ప్రతి వ్యాధికీ అల్లాహ్ మందు పుట్టించాడని, వైద్యం చేయించుకోవాలని మన ప్రవక్త (స) నేర్పారు. దుఆ, వైద్యం రెండూ ఆయన బాటలోనివే. బాధ కొన్ని రోజుల్లో తగ్గకపోతే, పక్కకు తిరిగినప్పుడల్లా గది గిర్రున తిరిగితే, చెవి వినబడకపోతే డాక్టరుకు చూపించండి. బీపీ, షుగరు, చెవి సమస్యలు కూడా ఇదే వేళలో బయటపడవచ్చు. మాట తడబడినా, ఒక చేయి గాని కాలు గాని పట్టు తప్పినా, స్పృహ తప్పినా క్షణం ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకొని వెళ్ళండి. దానిని భూకంపపు భయమని అనుకొని ఇంట్లో కూర్చోబెట్టకండి.

నాలుగవ మాట గనుల్లో పనిచేసే సోదరులకు. ఈ మాట కోసమే మేము ఈ అంశాన్ని ఎంచుకొన్నాము. తల తిరుగుతున్నా చెప్పకుండా బాయిలోకి దిగుతున్నవారు ఉన్నారని మాకు తెలిసింది. మస్టరు పోతుందని కొందరు, తోటివారు నవ్వుతారని కొందరు దాచిపెడుతున్నారు. తూలే మనిషి ఏటవాలు దారిలో నడిచినా, డంపరు నడిపినా, యంత్రం ముందు నిలబడినా, ప్రమాదం అతని ఒక్కనిది కాదు. పక్కనున్నవాని పిల్లలు కూడా సాయంత్రం తండ్రి కోసం ఎదురుచూస్తుంటారు. మన ప్రాణం మనకు అమానత్; తోటివాని ప్రాణం అంతకంటే పెద్ద అమానత్. షిఫ్టుకు ముందే సర్దార్‌కు గాని ఓవర్‌మన్‌కు గాని చెప్పండి. ఒక మస్టరు పోతే అల్లాహ్ మరొక దారిన ఉపాధి ఇస్తాడు. భయాన్ని ఒప్పుకొనడం మగతనానికి లోటు కాదు. అలా ఒప్పుకొన్న తోటివానిని చూసి నవ్వకపోవడం మన వంతు బాధ్యత.

నవ్వు మాట వచ్చింది కనుక యువకులకు ఒక విన్నపం. భయపడినవారి మంచాన్ని వెనుక నుండి కదిపి తమాషా చూసినవారి సంగతి మా చెవిన పడింది. ఒక ప్రయాణంలో నిద్రించిన సహచరుని తాడును ఎవరో తీయగా ఆయన ఉలిక్కిపడ్డారు. అప్పుడు దైవప్రవక్త (స), ఒక ముస్లిమును మరొక ముస్లిము భయపెట్టడం ధర్మసమ్మతం కాదని హెచ్చరించారు. అలాగే "ఈ రాత్రి ఫలానా గంటకు మళ్ళీ వస్తుంది" అంటూ ఫోన్లలో తిరిగే సందేశాలను పంపకండి. భూకంపం ఏ రోజు, ఏ గంటకు వస్తుందో ముందుగా చెప్పగల శాస్త్రం నేటికీ లేదు. విన్నదల్లా ఇతరులకు చెప్పడమే మనిషి అబద్ధాలకోరు కావడానికి చాలునని మన ప్రవక్త (స) బోధించారు.

ఇక ఈ భూకంపం ఎవరి పాపం వలన వచ్చిందని వేళ్ళు చూపేవారికి ఒక మాట. దైవప్రవక్త (స) పసికుమారుడు ఇబ్రాహీం మరణించిన రోజున సూర్యగ్రహణం పట్టింది. ఆ మరణం వల్లనే అని జనం అనుకొన్నారు. పుత్రశోకంలో ఉండి కూడా ఆయన ఆ మాటను ఖండించారు. ఎవరి చావు పుట్టుకల కోసమూ గ్రహణం పట్టదని, అవి అల్లాహ్ సూచనలని చెప్పి, నమాజు వైపు, దుఆ వైపు, దానం వైపు ప్రజలను మళ్ళించారు. మన గోదావరి లోయ భూమి పొరల్లోని ప్రాచీనమైన పగుళ్ళ నడుమ ఏర్పడినది. మనకు అన్నం పెడుతున్న బొగ్గు ఆ లోయలోనే పేరుకొన్నది. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం ప్రాంతంలో 5.7 తీవ్రతతో భూమి కంపించింది కూడా ఈ లోయలోనే. ఇవి అల్లాహ్ నియమించిన కారణాలు. ఆ కదలిక మనకు సూరా జిల్‌జాల్‌లోని మహాకంపాన్ని, అణువంత మేలు, అణువంత కీడు కనబడే దినాన్ని గుర్తుచేస్తే, అది మన లెక్క మనం చూసుకొనడానికే. పొరుగువాని లెక్క తేల్చడానికి కాదు.

నేడు ఇంటికి వెళ్ళిన తరువాత ఒక పని చేయండి. మీ తల్లిని, భార్యను, కోడలిని, పిల్లలను పక్కన కూర్చోబెట్టుకొని "నీకు ఇంకా ఊగినట్లు ఉంటున్నదా?" అని అడగండి. ఉన్నదంటే చివరి వరకు వినండి. రాత్రి వారి పడక దగ్గర కొంతసేపు కూర్చోండి. ఒంటరిగా ఉండే ముసలివారు మీ వీధిలో ఉంటే, వారు ఏ మతస్థులైనా, వెళ్ళి అదే ప్రశ్న అడగండి. భూమి అందరి క్రిందా ఒకేలా కదిలింది.

యా అల్లాహ్! నేలను మా క్రింద స్థిరంగా ఉంచు. భయపడిన హృదయాలకు నీ స్మరణతో ఊరట ప్రసాదించు. నిద్రలేని కళ్ళకు నిద్రనివ్వు. భూగర్భంలోకి దిగే మా సోదరులను క్షేమంగా ఇళ్ళకు చేర్చు. బాధను చెప్పుకొనే ధైర్యాన్ని కష్టంలో ఉన్నవారికి, వినే ఓర్పును మా అందరికీ ప్రసాదించు. ఆమీన్.