వాహనపు అప్పు - దళారి కూలి



పశువుల సంతలో దళారిని ఎరుగనివారు మనలో లేరు. తువ్వాలు చాటున వ్రేళ్ళు పట్టి అతడు ధర కుదుర్చును. బేరము తెగిన పిదప తన కూలి తాను పుచ్చుకొనును. ధర రహస్యమే గాని, కూలి రహస్యము కాదు. అందుచేత అతనిని ఎవరును తప్పు పట్టరు.

నేడు మన వింజమూరు, ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతములలో ట్రాక్టరును, ఆటోను, కారును అప్పుమీద కొనువారు పెక్కురు. కుమారుడో, మేనల్లుడో బండి కొనునప్పుడు హామీ సంతకమునకు పెద్దలనే పిలుతురు. కావున ఈ బేరమున దళారి ఎవరో, అతని కూలి ఎవరి సొమ్మో మనము తెలిసికొనవలెను.

బండి నమ్ము డీలరే తరచుగా అప్పును గూడ కుదుర్చును. అందులకై అప్పిచ్చు బ్యాంకో, ఫైనాన్సు కంపెనీయో అతనికి కమిషను ముట్టజెప్పును. శ్రమకు కూలి న్యాయమే. కాని వడ్డీ హెచ్చినకొలది కమిషను హెచ్చు నేర్పాటున్నచో, డీలరు మనకు చౌక అప్పు చూపునా? 6 లక్షల రూపాయలు 5 ఏండ్ల గడువుకు తీసికొంటి మనుకొందము. నూటికి సాలుకు 10 వంతున నెల వాయిదా సుమారు 12,748 రూపాయలు. 11 వంతున 13,045. నెలకు 297 రూపాయల భేదము స్వల్పముగా తోచును. 60 నెలలకు అది సుమారు 17,800 రూపాయలగును.

ఇంగ్లండు దేశమున ఇదియే పెద్ద వ్యాజ్యమైనది. వడ్డీ పెంచి కమిషను పెంచుకొను పద్ధతిని అచ్చటి ఆర్థిక నియంత్రణ సంస్థ 2021 జనవరి 28 నుండి నిషేధించినది. 2025 ఆగష్టు 1వ తేదీన అచ్చటి సుప్రీంకోర్టు మూడు దావాలపై తీర్పు చెప్పినది. డీలరు తన లాభము చూచుకొను వర్తకుడే యని రెండింటిని త్రోసివేసినది. మూడవదానిలో అప్పు ఖర్చు మొత్తమున 55 శాతము కమిషనే యగుటయు, డీలరుకును కంపెనీకిని గల సంబంధము మరుగుపరుపబడుటయు అన్యాయమని యెంచి, 1,650 పౌన్ల పైచిలుకు కమిషనును వడ్డీతో ఇప్పించినది.

మన దేశమునందును ఇట్టి సంగతి కలదు. కారు అప్పు తీసికొన్నవారికి ఇతరుల సరకులను గూడ అమ్మిన విషయమున 2021 మే మాసమున రిజర్వు బ్యాంకు హెచ్.డి.ఎఫ్.సి. బ్యాంకునకు 10 కోట్ల రూపాయల జరిమానా విధించినది. లోగుట్టు తెలిపిన యొక ఫిర్యాదే దానికి మూలము. పిమ్మట, 2013-14 మొదలు 2019-20 వరకు అప్పుతో పాటు జి.పి.ఎస్. పరికరము కొన్నవారికి దాని కమిషను తిరిగి యిత్తుమని ఆ బ్యాంకు ప్రకటించినది.

కనుక సంతకమునకు ముందు చేయదగిన పనులు చెప్పెదను. 2024 అక్టోబరు 1 నుండి మంజూరగు కొత్త అప్పులకు ‘ముఖ్య విషయముల పత్రము’ను మనకు తెలిసిన భాషలో ఇచ్చి తీరవలెను. వడ్డీయు, రుసుములును కలిసిన సాలుసరి శాతము అందుండును. అందు లేని రుసుమును మన సమ్మతి లేక వసూలు చేయరాదు. నెల్లూరిలోనో, కావలిలోనో మరియొక బ్యాంకు చెప్పు శాతముతో దానిని సరిపోల్చుడు. డీలరుకు ముట్టున దెంతయో నోరు తెరచి అడుగుడు.

మోసము జరిగెనని తోచినచో మొదట అప్పిచ్చినవారికే వ్రాతమూలముగా ఫిర్యాదు చేసి, రసీదు దాచుకొనుడు. 30 దినములలో బదులు రాకున్నను, వచ్చిన బదులు తృప్తికరము కాకున్నను, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మనుకు ఆలస్యము చేయక వ్రాయవచ్చును. దానికి రుసుము లేదు, వకీలు అక్కరలేదు. ఆ పరిధిలోనికి రాని చిన్న సంస్థలపై నెల్లూరిలోని జిల్లా వినియోగదారుల కమిషను ఉన్నది.

హామీదారుని సంతకమునకు విలువ యున్నంత కాలము అతని ప్రశ్నకును విలువ యుండును. సంతకము కోరువారు ప్రశ్నకు జవాబు చెప్పక తప్పదు.