ఒక్కని అర్జీ, పదిమంది ఒప్పందము
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇప్పుడే పంచాంగ శ్రవణము విన్నాము. ఏ రాశికి ఆదాయమెంత, వ్యయమెంత, రాజపూజ్యమెంత, అవమానమెంత అని శాస్త్రులుగారు చెప్పినారు. ఆ లెక్కలు మన చేతిలో లేవు. కాని పనిచేసే చోట దక్కవలసిన జీతము, విశ్రాంతి, మర్యాద కొంతవరకు మన చేతిలోనే ఉన్నవి. దానిని గురించి నాలుగు మాటలు చెప్పవలసినదిగా కార్యదర్శిగారు కోరినారు. మేము మెట్రిక్కు చదివి రైల్వేలో గుమాస్తా పని చేసుకొనేవారము. పండితులము కాము. చూచినది, తెలిసినది చెప్పుతాము.

మా ఉద్యోగపు తొలి రోజులలో, వేరొక ఊళ్లో, మునుపు జీతము ఎక్కువ ఇచ్చినామని చెప్పి ఒక కార్యాలయమువారు మా జీతములో నెలనెలా కోత పెట్టినారు. మూడు అర్జీలు పెట్టుకొన్నాము. ఒకదానికి మాత్రము "పరిశీలనలో ఉన్నది" అని జవాబు వచ్చినది. మా నాయనగారితో చెప్పగా, "పొట్ట చేతపట్టుకొని పరాయి రాష్ట్రము వచ్చినవాళ్లము, పైవాళ్లతో తగవు మనకెందుకురా? ఓర్చుకో" అన్నారు.

తుదకు యూనియను శాఖ కార్యదర్శిగారికి కాగితములు చూపినాము. ఆయన వాకబు చేయగా అదే కోత మరి పదకొండుమందికి పడుతున్నట్టు తేలినది. వారిలో ఒక గ్యాంగ్‌మన్ ఆ కోత మూలముగా కూతురి పెండ్లి రెండు పర్యాయములు వాయిదా వేసుకొన్నాడు. ఎవరికి వారు తమ ఒక్కరి ఖర్మ అనుకొని ఊరకున్నారు! సంఘము ఈ విషయమును అధికారులతో జరిగే సమావేశపు జాబితాలో చేర్చినది. లెక్క తిరిగి వేయగా తప్పు బయటపడినది. నాలుగు నెలలలో సొమ్ము తిరిగి వచ్చినది.

ఆ అధికారి చెడ్డవారని మేము అనము. ఒక్కని అర్జీ బల్లమీది కట్టలో అడుగున పడిపోవును. సమావేశపు మినిట్సులో ఎక్కిన అంశమునకు మరుసటి సమావేశములో జవాబు చెప్పవలెను. భేదమంతా అక్కడే ఉన్నది.

రైల్వేలలో ఇందుకొరకు 1952లో శాశ్వత సంప్రదింపుల యంత్రాంగము ఏర్పడినది. డివిజనులో, జోనులో తేలని విషయము రైల్వే బోర్డు దాకా పోవును. ఏ సంఘము ఉద్యోగుల తరఫున మాట్లాడవలెనో ఉద్యోగులే రహస్య ఓటుతో తేల్చుదురు. 2007, 2013, 2024 సంవత్సరములలో అట్టి ఎన్నికలు జరిగినవి.

ఈ ఒడిశా గడ్డమీద ఉన్న మనము ఒక మహనీయుని తలచుకొనవలెను. 1894లో బరంపురములో తెలుగు కుటుంబములో పుట్టిన వరాహగిరి వేంకటగిరిగారు ఐర్లండులో న్యాయశాస్త్రము చదివి వచ్చి, బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులకు సంఘము కట్టినారు. 1952లో కేంద్ర కార్మిక మంత్రి అయినారు. తగవు ట్రిబ్యునలుకు పోకముందే ఇరుపక్షములు ఎదురెదురుగా కూర్చుండి ఒప్పందము చేసుకొనవలెనని వారి వాదము. బ్యాంకు ఉద్యోగులకు ట్రిబ్యునలు ఇచ్చిన తీర్పును ప్రభుత్వము మార్చగా, 1954లో పదవినే వదలుకొన్నారు. తరువాత 1969లో రాష్ట్రపతి అయినారు.

సంఘము పెట్టుకొను హక్కు కూడ తేలికగా రాలేదు. 1918లో ఏర్పడిన మద్రాసు లేబర్ యూనియను నాయకుల మీద మిల్లు యజమానులు కోర్టుకు పోయినారు. అటువంటి దావాలనుండి రక్షణ కల్పించిన ట్రేడ్ యూనియన్ల చట్టము 1926లో గాని రాలేదు. ఆ చట్టము, 1947 నాటి పారిశ్రామిక వివాదముల చట్టము ఇప్పుడు లేవు. వాటి స్థానములో 2025 నవంబరు 21 నుండి పారిశ్రామిక సంబంధాల కోడు అమలులోనికి వచ్చినది. ఏడుగురు కలిసినచో సంఘము రిజిస్ట్రేషనుకు దరఖాస్తు పెట్టవచ్చును. ఒకటికి మించి సంఘములున్న చోట 51 శాతము కార్మికుల మద్దతు గల సంఘమే యాజమాన్యముతో మాట్లాడును. రాజీ అధికారి సమక్షమున కుదిరిన ఒప్పందము సంఘములో చేరనివారికి, రేపు చేరబోవు కొత్తవానికి కూడ వర్తించును. సమ్మెకు ముందు 14 రోజుల నోటీసు తప్పనిసరి. కనుక సమ్మె కడపటి ఆయుధము. మొదటి ఆయుధము మాట, రెండవది వ్రాత.

సంఘమువారికి కూడ బాధ్యత కలదు. చందా లెక్క ఏటేటా సభ్యుల ముందు పెట్టవలెను. తప్పు చేసినవానిని తనవాడని వెనకేసుకొని రారాదు.

మన పిల్లలలో పలువురు నేడు కంట్రాక్టర్ల క్రింద, దుకాణములలో, కంపెనీలలో నోటిమాట మీద పని చేయుచున్నారు. తల్లులకు మా విన్నపము: పిల్లవాడు పనిలో చేరిన నాడు "జీతమెంత?" అని అడుగుదురు గదా, "కాగితమేదిరా?" అని కూడ అడుగండి. నియామక పత్రము, జీతపు చీటీలు, చందా రసీదులు రేషను కార్డుతోపాటు పెట్టెలో దాచండి. కష్టము వచ్చిన నాడు పదిమందితో చెప్పుకొమ్మనండి.

మా సొమ్ము తిరిగి వచ్చిన రాత్రి నాయనగారు భోజనము దగ్గర చాలసేపు మాట్లాడలేదు. చేయి కడుగుకొనుచు ఒక్కమాట అడిగినారు: "ఆ యూనియనుకు ఈ ఏటి చందా కట్టినావురా?"

మేము అదే ప్రశ్న మీకందరకు వేసి సెలవు తీసుకొంటున్నాము.