మా తాతగారి భీమవేషము



బైరెడ్డిపల్లెలో మా తాతగారు నవ్వక, నవ్వింపక అన్నము ముట్టెడివారు కారు. చిత్తూరు సీమలో 18 దినములు జరుగు భారతోత్సవమున వారు భీమవేషము గట్టి, కడపటి దినమున మట్టి దుర్యోధనుని తొడ విఱుగగొట్టెడివారు. సాయంకాలమున ఆ గదయే మనుమలకు గుఱ్ఱ మయ్యెడిది.

ఒక యేడు కపిలబావి నీటివంతుకై మా తండ్రిగారును, పినతండ్రు లిద్దఱును మాటలు మానిరి. తాతగారు మొగమున రంగు కడుగుకొనకయే యింటికి వచ్చి, కొడుకుల కొక్క పళ్లెమున రాగిసంకటి పెట్టించి, "నూర్గురను గూల్చి వచ్చితిని, ముగ్గురను గూర్పలేనా?" యనిరి. ముగ్గురును నవ్విరి. తెల్లవాఱకమునుపే ముగ్గురి మళ్లకును నీరు పాఱెను.

నేడు కపిలలు పోయినవి, తగవులు పోలేదు. తోబుట్టువులతో మాటలు లేనివారు మనలో గలరు. మా యింటను గలరు. ఈ సభనుండి మరలిన రాత్రియే వారిని పంక్తికి బిలుతము. తాతగారి ఋణము తీఱు టప్పుడే.