ఎన్నికలో ఉన్న లెక్క
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

'ఇంజనీరువి కదా, ఏదైనా టెక్నాలజీ మీద మాట్లాడు' అన్నారు కార్యదర్శి గారు. నాకు మాత్రం ఒక చిన్న క్రియ గురించి చెప్పాలని ఉంది. అది 'ఎంచు'. ఉపకార వేతనాల కోసం మన సంఘం ఏటా చేసే పని కూడా అదే.

ఎంచు, ఎన్ను రెండూ ఒకే మూలం నుంచి వచ్చిన మాటలు. తమిళంలో 'ఎణ్' అంటే సంఖ్య, 'ఎణ్ణు' అంటే లెక్కపెట్టు, తలచు. కన్నడంలో ఎణిసు, మలయాళంలో ఎణ్ణుక. 1852లో అచ్చయిన బ్రౌన్ నిఘంటువులోనూ 'ఎంచు' అంటే లెక్కపెట్టు, తలచు అనే ఉంటుంది. 'తప్పులెంచడం', 'గొప్పగా ఎంచడం', 'ఎన్నదగిన మనిషి' అన్నప్పుడు మనం ఇప్పటికీ ఆ పాత అర్థంలోనే వాడుతున్నాం. దానికి 'కొను' చేరితే 'తనకోసం' అన్న భావం కలిసి ఎంచుకొను, ఎన్నుకొను అయ్యాయి. ఉన్నవన్నీ లెక్కలోకి తీసుకుని, వాటి విలువ తలపోసి, ఆ తర్వాత ఒకటి తీసుకోవడమన్నమాట.

కోరు నుంచి కోరిక వచ్చినట్టే ఎన్ను నుంచి ఎన్నిక వచ్చింది. దించు–దింపు, తెంచు–తెంపు జతల్లాగే ఎంచు నుంచి ఎంపు, ఎంపిక. 'ఎన్ని' అనే ప్రశ్నకూ 'ఎన్నిక'కూ చుట్టరికం ఉందనుకునేవాళ్లున్నారు. అది వేరే కుటుంబం. అన్ని, ఇన్ని, ఎన్ని అనుకుంటే దాని తోబుట్టువులెవరో తెలిసిపోతుంది.

వాడుకలో ఈ మాటలు పనులు పంచుకున్నాయి. పదో తరగతి అయ్యాక గ్రూపు ఎంచుకుంటాం. సర్పంచిని ఎన్నుకుంటాం. ఉద్యోగానికి ఎంపిక చేస్తారు. తమిళులు ఎన్నికలను 'తేర్తల్' అంటారు, కన్నడిగులు 'చునావణె', మలయాళీలు 'తిరఞ్ఞెడుప్పు'. అన్నిటికీ మూలం ఏరి తీసుకోవడమే. మన మాటలో మాత్రం లెక్క ఉంది. ఓట్లు లెక్కపెట్టకముందే ఓటరును లెక్కలోకి తీసుకున్న మాట అది.

'ఏరు' అనే క్రియ మనకూ ఉంది. బియ్యంలో రాళ్లు ఏరతాం, చేలో పత్తి ఏరతాం. కంటికి కనిపించినదాన్ని చెయ్యి తీసుకుంటుంది. ఎంచడానికి అది చాలదు, కనబడనిది కూడా లెక్కకు రావాలి.

మా వృత్తిలో ఇది రోజూ చూస్తాం. పెద్ద పనుల టెండర్లకు రెండు కవర్లుంటాయి. ముందు సాంకేతిక బిడ్డు తెరుస్తాం. అందులో నెగ్గినవాళ్ల ధరల కవరే తర్వాత తెరుస్తాం. ఎంత కచ్చితంగా చేసినా, టెండరు నోటీసు అందనివాడు ఎంత పనిమంతుడైనా మా లెక్కలో ఉండడు.

ఇక మన సంఘం సంగతి. వచ్చిన దరఖాస్తులను మార్కుల వరుసలో పెట్టి, పైనుంచి కొందరిని తీసుకుంటున్నాం. ఎవరికీ పక్షపాతం లేదు. కానీ ఇది ఏరడమే. తెల్లవారుజామున పాల కేంద్రంలో పనిచేసి బడికొచ్చే పిల్లాడి మార్కులూ, ట్యూషన్‌కు వెళ్లే పిల్లాడి మార్కులూ ఒకే వరుసలో ఉంటున్నాయి. తమ్ముణ్ణి చూసుకోవడానికి నెలకు వారం బడి మానే ఆడపిల్ల అసలు దరఖాస్తే పెట్టదు. అటువంటి పిల్లలే కదా ఈ నిధి ఎక్కువగా అవసరమైనవాళ్లు.

అందుకే మధ్యాహ్నం సర్వసభ్య సమావేశంలో ఒక ప్రతిపాదన పెడుతున్నాను. దరఖాస్తు పెట్టని పిల్లల పేర్లు కూడా తరగతి ఉపాధ్యాయులను అడిగి తీసుకుందాం. మనలో ఊళ్లో ఉన్నవాళ్లు ఇద్దరిద్దరుగా వాళ్ల ఇళ్లకు వెళ్లి మాట్లాడదాం. మార్కుల జాబితా ఆ తర్వాత చూద్దాం. ఆదివారాలు నేను వస్తాను. నాతో ఇంకొకరు కావాలి. వచ్చేవాళ్లు భోజనాల దగ్గర పేరు చెప్పండి.