ఇక ప్రశ్నపత్రం మీరు తయారుచేయండి

పట్టాలు అందుకున్న అమ్మాయిలకూ అబ్బాయిలకూ అభినందనలు. చీకటితోనే లేచి షార్జా ట్రాఫిక్ దాటుకుని దుబాయ్ డ్యూటీకి వెళ్లే అమ్మానాన్నలు ఇవాళ సెలవు పెట్టుకుని ఈ హాల్లో కూర్చున్నారు.

ఇన్నేళ్లూ మీరు ఎవరో తయారుచేసిన ప్రశ్నపత్రాలకు జవాబులు రాశారు. మీలో కృత్రిమ మేధ పరిశోధన వైపు వెళ్లేవాళ్లు ఉన్నారు. ఆ రంగంలో ప్రశ్నపత్రాలు చాలాసార్లు ఎక్కడ తయారవుతాయో చెబుతాను. పెద్ద సదస్సుకు అనుబంధంగా ఒకటి రెండు రోజులు నడిచే చిన్న వర్క్‌షాపుల్లో.

2007 జనవరిలో కృత్రిమ మేధ అంతర్జాతీయ సదస్సు ఐజేసీఏఐ హైదరాబాద్‌లో జరిగింది. దాంతోపాటు దక్షిణాసియా భాషల వాక్య విశ్లేషణ మీద ఒక వర్క్‌షాప్ పెట్టి హిందీ, బెంగాలీ, తెలుగు భాషల్లో పోటీ నిర్వహించారు. వాక్యంలో ఏది నామవాచకం, ఏది క్రియ, ఏ మాటలు కలిసి ఒక పదబంధం అవుతాయో యంత్రం గుర్తించాలి. వినడానికి బడి వ్యాకరణంలా ఉంటుంది కానీ, తెలుగులో ఒక్కో మాట మూడు నాలుగు ప్రత్యయాలు మోస్తుంది. ఇంగ్లీషు కోసం రాసుకున్న పద్ధతులు ఇక్కడ నేరుగా పనిచేయవు.

ఆ పోటీకి ముందు జరిగే పనిని నేను ఎక్కువ గౌరవిస్తాను. ఎవరో కూర్చుని తెలుగు వాక్యాల్లో ప్రతి మాటకూ చేత్తో గుర్తు పెట్టాలి. ఇద్దరు పెట్టిన గుర్తులు కలవకపోతే వాదించుకుని తేల్చాలి. అప్పుడే అన్ని జట్లకూ ఒకే పాఠం, ఒకే పరీక్ష, ఒకే కొలత దొరుకుతాయి. అవి లేనంతకాలం నా ఫలితం గొప్పదంటే నాది గొప్పదని చెప్పుకోవడమే తప్ప పోల్చి చూసే దారి లేదు. మరుసటి ఏడాది, 2008 జనవరిలో, మళ్లీ హైదరాబాద్‌లోనే ఐజేసీఎన్‌ఎల్‌పీ అనే భాషా సాంకేతిక సదస్సు జరిగితే, మనుషుల పేర్లూ ఊళ్ల పేర్లూ గుర్తించే పోటీలోనూ తెలుగును చేర్చారు.

మనం ఉంటున్న ఈ నేల భాషనే చూడండి. 2014లో దోహాలో జరిగిన, అదే రంగానికి చెందిన ఈఎంఎన్‌ఎల్‌పీ సదస్సులో అరబిక్‌కు ఒక వర్క్‌షాప్ మొదలైంది. 2022 డిసెంబర్‌లో అదే సదస్సు అబుదాబికి వచ్చేసరికి అది ఏడో వర్క్‌షాప్. 2023లో సింగపూర్‌లో తనే ఒక సదస్సు అయింది. అంతకుముందే, 2020లో, ఆ వర్క్‌షాపులో మాండలికాల మీద ఒక పోటీ పెట్టారు. 21 అరబ్ దేశాల ట్వీట్లు ఇచ్చి, రాసినవాడిది ఏ దేశమో చెప్పమన్నారు. పుస్తకాల అరబిక్ ఒక్కటే చాలదని అక్కడ పట్టుబట్టిన మనుషులున్నారు.

ద్రావిడ భాషలకూ 2021 నుంచి ఒక వర్క్‌షాప్ వరుసగా నడుస్తోంది. 2025 జనవరిలో అబుదాబి కోలింగ్ సదస్సులో ఇండో-ఆర్యన్, ద్రావిడ భాషలకు ఒకటి జరిగింది. ఇక్కడి నుంచి కారులో రెండు గంటల దూరం.

ఎవరో ఒకరు చేపట్టాల్సిన పని ఒకటి మీ చుట్టూనే ఉంది. జగిత్యాల నుంచి వచ్చిన మేస్త్రీ రాత్రి క్యాంపులో మంచం మీద కూర్చుని ఇంటికి వాయిస్ మెసేజ్ పెడతాడు. తెలంగాణ యాసలో మొదలుపెట్టి, మధ్యలో హిందీ కలిపి, యజమానిని కఫీల్ అంటాడు, నివాస అనుమతిని ఇఖామా అంటాడు, పోనీలే అనడానికి ఖల్లీవల్లీ అని ముగిస్తాడు. వెనక కూలర్ మోత. జీతం రాలేదనో, ఛాతీలో నొప్పనో అతను ఇదే మాటతీరులో ఫిర్యాదు చేస్తే, అది విన్న యంత్రం సరిగ్గా రాసుకోవాలి. గల్ఫ్ తెలుగు మాట మీద ఒక వర్క్‌షాప్ ఎందుకు పెట్టకూడదు?

పని చాలా ఉంటుంది. వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే గొంతులు ఏరుకోవడం తప్పు. మనిషిని అడగాలి, గొంతు దేనికి వాడతారో తెలుగులో చెప్పాలి, పేర్లూ పాస్‌పోర్టు నంబర్లూ తీసేయాలి, రేపు వద్దంటే చెరిపేయాలి. రాసిపెట్టేవాళ్లకు డబ్బులివ్వాలి, వాళ్లు అదే ప్రాంతం వాళ్లయితే మేలు. కమిటీలో పేర్లు వెయ్యమనేవాళ్లు చాలామంది దొరుకుతారు, ఇచ్చిన పత్రాలు చదివి సమీక్ష పంపేవాళ్లు తక్కువ. గురువు పత్రం శిష్యుడి చేతికి, శిష్యుడి పత్రం గురువు చేతికి పోకుండా చూడాలి. ఈ సదస్సుల్లో గడువు భూమ్మీద ఎక్కడో ఒకచోట ఆ తేదీ మిగిలి ఉన్నంతసేపూ ఉంటుంది. మన అజ్మాన్ గడియారంలో అది మర్నాడు సాయంత్రం నాలుగు. ఆ నాలుగు దాకా ఉత్తరాలు వస్తూనే ఉంటాయి, ఒకరు జవాబు ఇస్తూనే ఉండాలి.

ప్రతిపాదన కొద్ది పేజీలే. సమస్య ఏమిటి, ఎవరు వస్తారు, ఏ డేటా ఇస్తారు, ఎవరు చదువుతారు అన్నవి అందులో స్పష్టంగా ఉండాలి. ఈ హాల్లో జగిత్యాల పిల్లలున్నారు, కడప పిల్లలున్నారు, కోనసీమ పిల్లలున్నారు. ముగ్గురు కలిసి ముసాయిదా రాయండి. సమీక్షకుల పట్టికలో నా పేరు వేసుకోండి. నా వంతు పత్రాలు చదివి గడువులోపలే పంపిస్తాను.